ఉత్తర కొరియా, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలకు జవాబులు

అంతర్జాతీయ వ్యవహారాల మీద రాసేటప్పుడు ఉత్తర కొరియా పేరు వచ్చిందంటే చాలు, అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అడిగేవి కొన్ని, వార్తలు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు అడిగేవి కొన్ని. అన్నింటినీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

ప్రపంచంతో సంబంధాలే లేని దేశం ఈ లక్ష్యాల్లోకి ఎలా వచ్చింది?

సంబంధాలు లేవనడం సరికాదు. ఉత్తర కొరియా 1991 సెప్టెంబర్ 17న, దక్షిణ కొరియాతో పాటు అదే రోజున, ఐక్యరాజ్యసమితిలో చేరింది. 150కి పైగా దేశాలతో దౌత్య సంబంధాలున్నాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం 1995 నుంచి అక్కడ పనిచేస్తోంది. యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ), జనాభా నిధి (యూఎన్ఎఫ్‌పీఏ)లకు కూడా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో ఆఫీసులున్నాయి. 2015 సెప్టెంబర్‌లో 193 సభ్య దేశాలూ కలిసి ఈ లక్ష్యాలున్న 2030 అజెండాను ఆమోదించినప్పుడు ఆ 193లో ఉత్తర కొరియా ఒకటి. మూసుకుని ఉన్న మాట నిజం. కానీ ఏ తలుపు ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో తానే నిర్ణయించుకునే దేశం అది. అభివృద్ధి లక్ష్యాల తలుపును మాత్రం కొంత తెరిచే ఉంచింది.

అసలు ఈ లక్ష్యాలు ఏంటి? పాటించకపోతే శిక్ష ఏమైనా ఉంటుందా?

పేదరికం, ఆకలి, ఆరోగ్యం, చదువు, నీళ్లు, కరెంటు, పర్యావరణం, సంస్థలు వంటి విషయాల మీద 17 లక్ష్యాలు. వాటి కింద 169 ఉప లక్ష్యాలు. గడువు 2030. శిక్ష ఏమీ లేదు. ఎంతవరకు వచ్చామో చెబుతూ ఇచ్చే నివేదికను ‘స్వచ్ఛంద జాతీయ సమీక్ష’ అంటారు. పేరులోనే ఉంది, ఇష్టమైతేనే ఇస్తారు. మన దేశం 2017, 2020, 2025లో ఇచ్చింది. అమెరికా ఇంతవరకు ఒక్కటీ ఇవ్వలేదు. ఉత్తర కొరియా ఇచ్చింది.

ఎవరి మాటా వినని ప్రభుత్వానికి దీనివల్ల ఏం లాభం?

నాకు తెలిసి మూడు కారణాలున్నాయి, వాటి బరువు ఒకటి కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ చట్రంలో పగ్గాలు ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. ఏ లక్ష్యాన్ని ఎలా కొలవాలో, నివేదికలో ఏం రాయాలో దేశమే నిర్ణయించుకుంటుంది. 2014 ఫిబ్రవరిలో ఐరాస విచారణ కమిషన్, ఆస్ట్రేలియా న్యాయమూర్తి మైకేల్ కిర్బీ నాయకత్వంలో, ఉత్తర కొరియాలో మానవాళి మీద నేరాలు జరుగుతున్నాయని తేల్చింది. ఆ తరువాత మానవ హక్కుల వేదికల మీద ఆ దేశం బోనులో నిలబడాల్సి వచ్చింది. అభివృద్ధి వేదిక మీద అలా కాదు. అక్కడ అందరితో సమానంగా కూర్చుని ‘మా ప్రజల కోసం మేం ఇది చేస్తున్నాం’ అని చెప్పుకోవచ్చు.

రెండోది సాయం. ఐరాస సంస్థల ద్వారా వచ్చే టీకాలు, క్షయ మందులు, శిక్షణ ఈ చట్రంలోనే వస్తాయి. 2016లో ప్రభుత్వం, ఐరాస కలిసి 2017 నుంచి 2021 వరకు వ్యూహాత్మక ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఆహారం, పోషణ ఒక ప్రాధాన్యం. సామాజిక సేవలు ఇంకొకటి. విపత్తులను తట్టుకోవడం మూడోది. గణాంకాలు, అభివృద్ధి నిర్వహణ నాలుగోది. ఆ నాలుగోది ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. సమాచారం బయటికి పొక్కనివ్వని ప్రభుత్వం, లెక్కలు మెరుగుపరుచుకోవడానికి బయటివాళ్ల సాయం తీసుకుంటానంది.

మూడోది, ఆంక్షల మీద ఫిర్యాదు చెప్పుకోవడానికి ఇది గౌరవప్రదమైన చోటు.

స్వావలంబనే మా సిద్ధాంతం అంటారు కదా, మరి అంతర్జాతీయ లక్ష్యాలు ఎలా ఒప్పుకుంటారు?

వాళ్ల జూచే సిద్ధాంతం, ఎవరి సమస్య వాళ్లే పరిష్కరించుకోవాలంటుంది. 2030 అజెండా కూడా ప్రతి దేశం తన పరిస్థితిని బట్టి తన దారి తాను ఎంచుకోవచ్చంటుంది. ఆ రెండో వాక్యాన్ని ప్యాంగ్యాంగ్ గట్టిగా పట్టుకుంది. దేశ పంచవర్ష ప్రణాళికలే అసలు, అంతర్జాతీయ లక్ష్యాలు వాటికి అనుబంధం అన్నట్టు నడిపించింది.

## నివేదిక తయారైన దశ

ఉత్తర కొరియా సమీక్ష ఎప్పుడు ఇచ్చింది? ఎవరు తయారు చేశారు?

2021లో. ఆ ఏడాది జులైలో జరిగిన ఐరాస ఉన్నత స్థాయి రాజకీయ వేదికలో తొలి సమీక్షను సమర్పించింది. కరోనా కాలం కాబట్టి సమావేశాలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరిగాయి. దేశంలో ఈ పని కోసం ఒక జాతీయ కార్యదళం పెట్టారు. నడిపింది ప్రభుత్వ ప్రణాళికా సంఘం. అంకెలు పోగుచేసింది కేంద్ర గణాంక సంస్థ. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐరాస ఆర్థిక సామాజిక సంఘం ఉంది, ఎస్కాప్ అంటారు. అంతకు ముందు కొన్నేళ్లు ఈశాన్య ఆసియా దేశాల కోసం అది పెట్టిన సుస్థిర అభివృద్ధి సమావేశాలకు ఉత్తర కొరియా అధికారులు వెళ్లేవారు. 2019లో రష్యాలోని వ్లాదివొస్తోక్‌లో జరిగింది అలాంటిదే. దక్షిణ కొరియా, జపాన్, చైనా, మంగోలియా, రష్యా అధికారులతో ఒకే గదిలో కూర్చుని సూచికల గురించి మాట్లాడుకోగలిగిన అరుదైన చోట్లలో అదొకటి.

17 లక్ష్యాలనూ ఉన్నదున్నట్టు తీసుకుందా?

లేదు. సంఖ్య 17 అలాగే ఉంచి, వాటి కింద తనకు పనికొస్తాయనుకున్న 95 ఉప లక్ష్యాలు, 132 సూచికలు పెట్టుకుంది. కొన్ని లక్ష్యాల మాటలను తన వ్యవస్థకు తగ్గట్టు తిరగరాసుకుంది. శాంతి, న్యాయం, జవాబుదారీ సంస్థల గురించి చెప్పే 16వ లక్ష్యం దగ్గర ఈ తేడా బాగా కనిపిస్తుంది. మామూలుగా ఆ లక్ష్యం కింద సమాచార హక్కు, ప్రాథమిక స్వేచ్ఛలు, అందరికీ న్యాయం వస్తాయి. అక్కడ సోషలిస్టు వ్యవస్థను బలపరచుకోవడం ముందుకొచ్చింది. సూచికలను తమకు తగ్గట్టు మార్చుకోవడం ప్రతి దేశమూ చేస్తుంది, మన దేశమూ తన జాతీయ సూచికలు తయారు చేసుకుంది. కానీ లక్ష్యం గుండెకాయనే తీసేస్తే దాన్ని సర్దుబాటు అనలేం.

స్వతంత్ర స్వచ్ఛంద సంస్థలే లేని చోట ప్రజల అభిప్రాయం ఎలా తీసుకున్నారు?

మనం అనుకునే అర్థంలో తీసుకోలేదు. మహిళా సంఘం, యువజన సంఘం, వికలాంగుల సమాఖ్య లాంటివి ఉన్నాయి కానీ అన్నీ రాజ్యానికి అనుబంధంగా నడిచేవే. ప్రభుత్వాన్ని విమర్శించే పత్రిక గానీ, సమాంతర నివేదిక ఇచ్చే సంస్థ గానీ దేశం లోపల లేవు. అందుకే ఆ నివేదిక చదివేటప్పుడు ఇది ప్రభుత్వం ఒక్కటే మాట్లాడిన మాట అని గుర్తుంచుకోవాలి.

## నివేదికలోని అంకెలు

కష్టాలు ఉన్నాయని నిజంగానే ఒప్పుకున్నారా?

ఒప్పుకున్నారు. నివేదికలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ భాగమే. ఏటా 70 లక్షల టన్నుల ధాన్యం పండించాలన్నది లక్ష్యం. అది అందలేదని రాశారు. 2018లో వచ్చింది సుమారు 49.5 లక్షల టన్నులు, పదేళ్లలో అతి తక్కువ. 2019లో 66.5 లక్షలకు లేచింది. 2020లో వరదలు, తుపానులు వచ్చి 55.2 లక్షలకు పడింది. కారణాలుగా ప్రకృతి వైపరీత్యాలతో పాటు వ్యవసాయ సామగ్రి కొరతను, యంత్రాలు తక్కువగా ఉండటాన్ని కూడా రాసుకున్నారు. ఆరోగ్యం దగ్గర వైద్య సిబ్బంది చాలరని, మందుల ఫ్యాక్టరీల సాంకేతిక స్థాయి తక్కువని, అత్యవసర మందులకు కొరత ఉందని ఉంది.

అదే కాలంలో, 2021 జనవరిలో, పార్టీ 8వ మహాసభలో కిమ్ జోంగ్ ఉన్ తన ఐదేళ్ల ఆర్థిక వ్యూహం దాదాపు అన్ని రంగాల్లో లక్ష్యాన్ని అందుకోలేదని చెప్పారు. జూన్‌లో ఆహార పరిస్థితి ఇబ్బందికరంగా మారుతోందన్నారు. నాయకుడే అన్నాక అధికారులు రాయడానికి ధైర్యం వచ్చి ఉంటుందని నా ఊహ. ఏమైనా, టన్నుల్లో లెక్క చెప్పి ‘చాలలేదు’ అని ప్రపంచం ముందు పెట్టడం ఆ ప్రభుత్వం తరచుగా చేసే పని కాదు.

ఆ అంకెలను నమ్మొచ్చా?

ఏ అంకె అన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నీ అబద్ధాలని కొట్టిపారేయడమూ తప్పే, అన్నీ నమ్మేయడమూ తప్పే.

జీడీపీ తీసుకోండి. 2015లో సుమారు 2,740 కోట్ల డాలర్లు ఉన్నది 2019కి 3,350 కోట్లకు పెరిగిందని, అంటే ఏటా సగటున 5.1 శాతం వృద్ధి అని నివేదిక చెబుతోంది. దక్షిణ కొరియా కేంద్ర బ్యాంకు అంచనాలు పక్కన పెట్టి చూస్తే పొంతన లేదు. ఆ బ్యాంకు లెక్కలో ఉత్తర కొరియా ఆర్థిక వ్యవస్థ 2016లో 3.9 శాతం పెరిగింది, 2017లో 3.5 శాతం కుంగింది, 2018లో 4.1 శాతం కుంగింది, 2019లో 0.4 శాతం మాత్రమే పెరిగింది. 2017లో బొగ్గు, ఇనుము, చేపలు, బట్టల ఎగుమతులన్నీ నిషేధించాక కూడా 5 శాతం వృద్ధి అంటే ఒప్పుకోవడం కష్టం. ఆ బ్యాంకుదీ దూరం నుంచి కట్టిన అంచనాయే, కానీ దిశ మీద దానికే ఎక్కువ ఆధారాలున్నాయి.

పిల్లల పోషణ, నీళ్లు, టీకాల అంకెలు అలా కాదు. వాటిలో చాలావరకు 2017లో కేంద్ర గణాంక సంస్థ, యునిసెఫ్ కలిసి చేసిన ఇంటింటి సర్వే నుంచి వచ్చాయి. దాదాపు 8,500 ఇళ్లకు వెళ్లారు, పిల్లల ఎత్తు, బరువు కొలిచారు, తాగునీటిని పరీక్షించారు. ఆ సర్వే పద్ధతి ఎన్నో దేశాల్లో వాడేదే. 2008 జనాభా లెక్కలు కూడా యూఎన్ఎఫ్‌పీఏ సాంకేతిక సాయంతో జరిగాయి, 2 కోట్ల 40 లక్షల జనాభా తేలింది. ఇంటికి వెళ్లి కొలిచిన అంకెకు, ఆఫీసులో కూర్చుని ప్రకటించిన అంకెకు తేడా ఉంటుంది. నివేదిక చదివేవాళ్లు ముందు ఆ రెంటినీ విడదీసుకోవాలి.

అక్కడి పిల్లల్లో ఎదుగుదల లోపం మన తెలుగు రాష్ట్రాల కన్నా తక్కువట. నిజమేనా?

సగటు అంకెల్లో నిజమే. వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ల లోపు పిల్లలు ఉత్తర కొరియాలో 2012లో 28 శాతం ఉంటే, 2017 సర్వేలో 19 శాతానికి తగ్గారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019–21 లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. దేశం మొత్తం మీద 35.5. ఈ పోలిక మనకు ఇబ్బందిగా ఉన్నా చెప్పుకోవాల్సిందే.

అయితే సగటు దగ్గరే ఆగిపోతే అసలు విషయం తప్పిపోతుంది. అదే సర్వేలో ప్యాంగ్యాంగ్‌లో ఎదుగుదల లోపం 10 శాతం. చైనా సరిహద్దులో, చలి కొండల్లో ఉన్న ర్యాంగాంగ్ రాష్ట్రంలో 32 శాతం. ఒకే దేశంలో మూడు రెట్ల తేడా. రాజధానిలో ఉండాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి కుటుంబ చరిత్రను బట్టి, ఆ కుటుంబం పాలకులకు ఎంత విధేయమో తేల్చే సొంగ్‌బున్ అనే వర్గీకరణను బట్టి వస్తుంది. ‘ఎవరినీ వెనక వదిలేయం’ అన్నది 2030 అజెండా ప్రతిజ్ఞ. ర్యాంగాంగ్‌లో పుట్టిన బిడ్డకు ఆ ప్రతిజ్ఞ అందాలంటే ముందు ఆ వర్గీకరణ పోవాలి. దాని గురించి ప్రభుత్వ నివేదికలో మాట లేదు.

నీళ్లు, వంట గ్యాస్, కరెంటు సంగతేంటి?

2017 సర్వేలో మూడో వంతుకు మించిన జనం తాగే నీళ్లలో మలం ద్వారా చేరే ఈకొలి బ్యాక్టీరియా దొరికింది. పైపులు చాలా చోట్ల ఉన్నాయి, అయితే పాతవి. కరెంటు లేక పంపు ఆగితే నీళ్లు ఆగుతాయి, ఒత్తిడి తగ్గినప్పుడు బయటి మురికి లోపలికి వస్తుంది. పిల్లల విరేచనాలకు, ఎదుగుదల లోపానికి దీనితో నేరుగా సంబంధముంది. వంటకు శుభ్రమైన ఇంధనం వాడేది పదిమందిలో సుమారు ఒక్కరే. మిగతావాళ్లు బొగ్గు, కట్టెలే. కరెంటు తీగ దాదాపు ప్రతి ఇంటికీ ఉంది, తీగలో కరెంటు ఉండేది మాత్రం కొన్ని గంటలే. అందుకే బాల్కనీల్లో, కిటికీల్లో చిన్న చైనా సోలార్ పలకలు పెట్టుకోవడం అక్కడ మామూలైపోయింది. అది జనం సొంతంగా వెతుక్కున్న దారి.

పర్యావరణం విషయంలో ఉత్తర కొరియా బాగా చురుగ్గా ఉందంటారు, ఎందుకు?

ఎందుకంటే అక్కడ అడవి పోవడం నేరుగా ఆకలికి దారితీసింది. దేశంలో నూటికి 80 వంతులు కొండలే. సోవియట్ యూనియన్ కూలాక చౌక చమురు, ఎరువులు ఆగాయి. 1995లో భారీ వరదలొచ్చాయి. రేషన్ వ్యవస్థ కుప్పకూలి లక్షల మంది ఆకలితో చనిపోయారు. బతికినవాళ్లు వంటకు, చలికి చెట్లు కొట్టుకున్నారు, కొండవాలు తవ్వి మొక్కజొన్న వేసుకున్నారు. చెట్లు లేని వాలు మీద వాన పడితే మట్టంతా కిందికి వస్తుంది, నది అడుగు పైకి లేస్తుంది, మరుసటి వానకు పొలాలు మునుగుతాయి. 2016లో లయన్‌రాక్ తుపాను వేళ తుమెన్ నది పొంగి ఉత్తర హామ్‌గ్యాంగ్ రాష్ట్రంలో 138 మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది.

ఈ వలయం ప్రభుత్వానికి అర్థమైంది. 2015లో పదేళ్ల అడవుల పునరుద్ధరణ ఉద్యమం మొదలుపెట్టింది. పారిస్ ఒప్పందాన్ని 2016లోనే ఆమోదించింది. 2030 నాటికి సొంతంగా 8 శాతం, అంతర్జాతీయ సాయం అందితే 40.25 శాతం వరకు ఉద్గారాలు తగ్గిస్తానని మొదటి హామీ ఇచ్చింది. 2018లో చిత్తడి నేలల రామ్‌సర్ ఒప్పందంలో 170వ సభ్యదేశంగా చేరి, మున్‌డోక్ పక్షుల రక్షిత ప్రాంతాన్ని, రాసోన్‌ను జాబితాలో పెట్టించింది. ఇందులో రాజకీయం తక్కువ, అవసరం ఎక్కువ. సాయం చేయాలనుకునే దేశాలు మొదలుపెట్టాల్సిన చోటు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. మొక్కలు, నర్సరీలు, వాతావరణ హెచ్చరికలు ఎవరి ఆయుధాలకూ పనికిరావు.

## ఆంక్షలు, సాయం

ఆంక్షల వల్లే అభివృద్ధి ఆగిందని ప్రభుత్వం అంటోంది. ఎంత నిజం?

కొంత నిజం, మొత్తం కాదు. 2021 నివేదిక మూడు ప్రధాన అడ్డంకులు చెప్పింది: ఆంక్షలు, ఏటా వచ్చే ప్రకృతి వైపరీత్యాలు, కరోనా.

భద్రతా మండలి 2006లో 1718 నంబరు తీర్మానంతో ఆంక్షలు మొదలుపెట్టింది. కారణం అణు పరీక్ష. తొలి పదేళ్లు ఆయుధాల మీద, విలాస వస్తువుల మీద దృష్టి ఉండేది. 2016, 2017లో మొత్తం ఆర్థిక వ్యవస్థ మీదికి వచ్చాయి. 2017 డిసెంబర్‌లో వచ్చిన 2397 తీర్మానం శుద్ధి చేసిన చమురును ఏడాదికి 5 లక్షల పీపాలకు పరిమితం చేసింది. యంత్రాలు, విద్యుత్ పరికరాలు, వాహనాలు, లోహాలు అమ్మకుండా నిషేధించింది. పొలంలో పంపు, ట్రాక్టర్ విడిభాగం, నీటి పైపు ఇవన్నీ ఆ గీతలోకే వస్తాయి. రైతు మీద దెబ్బ పడలేదంటే అది అబద్ధం.

కానీ 2020లో ప్రభుత్వం తనంతట తానే సరిహద్దులు మూసేసినప్పుడు ఏమైందో చూడండి. చైనాతో వాణిజ్యం ఒక్క ఏడాదిలో 80 శాతం పడిపోయింది. ఆంక్షలు ఆపని ఎరువులు, మందులు కూడా ఆగిపోయాయి. ఆ నిర్ణయం భద్రతా మండలిది కాదు. ఏ పంట ఎవరు వేయాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో పైనుంచి నిర్ణయించే వ్యవస్థ వల్ల జరిగే నష్టమూ ఆంక్షల కంటే ముందునుంచి ఉన్నదే.

మందులు, తిండి మీద ఆంక్షలు లేవు కదా, మరి సాయం ఎందుకు ఆలస్యమవుతుంది?

కాగితం మీద మినహాయింపు ఉంది. ఆచరణలో బండి అక్కడక్కడా ఆగుతుంది. డబ్బు పంపడానికి బ్యాంకు దొరకదు, జరిమానా భయంతో బ్యాంకులు తప్పుకుంటాయి. ఆస్పత్రికి పంపే పరికరంలో లోహపు భాగం ఉంటే ఆంక్షల కమిటీ అనుమతి కావాలి. ఎన్ని పంపుతున్నారు, ఎక్కడికి, ఏ దారిలో, ఎవరి ద్వారా అని ఒక్కో వస్తువుకూ జాబితా రాయాలి. 2018 ఆగస్టులో కమిటీ ఈ పద్ధతికి మార్గదర్శకాలు ఇచ్చింది. మొదట అనుమతి ఆరు నెలలే ఉండేది, సరుకు రేవుకు చేరేలోపు గడువు అయిపోయేది. 2020 చివర్లో తొమ్మిది నెలలకు పెంచారు.

దాతల నమ్మకం ఇంకో సమస్య. క్షయ, మలేరియాలకు డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్, పర్యవేక్షణకు తగిన అవకాశం లేదంటూ 2018లో తప్పుకుంది. క్షయ భారం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఉత్తర కొరియా ఒకటి. సగం కోర్సులో మందులు ఆగితే జబ్బు మొండికేస్తుందని డాక్టర్లు గోల పెట్టాక 2019లో మళ్లీ నిధులిచ్చింది.

క్షిపణులకు డబ్బుంటుంది, తిండికి ఉండదా?

ఈ ప్రశ్నలో కోపం ఉంది, ఆ కోపం న్యాయమైనదే. బడ్జెట్‌లో దాదాపు 15.9 శాతం రక్షణకని ప్రభుత్వమే ఏటా ప్రకటిస్తుంది. అసలు ఖర్చు ఇంకా ఎక్కువేనని బయటి నిపుణుల అంచనా. ఎఫ్ఏఓ, ప్రపంచ ఆహార కార్యక్రమం 2019లో వెళ్లి చూసినప్పుడు కోటి మందికి పైగా, అంటే జనాభాలో 40 శాతానికి, తక్షణ ఆహార సాయం అవసరమని, రేషన్ మనిషికి రోజుకు 300 గ్రాములకు తగ్గిందని తేలింది. అదే ఏడాది క్షిపణి పరీక్షలూ జరిగాయి. తప్పు ప్రభుత్వ ప్రాధాన్యాలదే. కానీ ‘అందుకే సాయం ఆపేద్దాం’ అంటే ఒప్పుకోను. సాయం ఆపితే క్షిపణి ఆగదు. ఆగేది ఊళ్లో పిల్లాడికి పోసే టీకా.

మన దేశం ఏమైనా సాయం చేసిందా?

చేసింది. రెండు దేశాల మధ్య 1973 నుంచి పూర్తి దౌత్య సంబంధాలున్నాయి. 2020 జులైలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద, భారత్ సుమారు 10 లక్షల డాలర్ల విలువైన క్షయ మందులు పంపింది. 2021 జులైలో కరోనా వల్ల ప్యాంగ్యాంగ్‌లోని మన రాయబార కార్యాలయాన్ని ఖాళీ చేశారు. 2024 డిసెంబర్‌లో అది మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది.

## 2020 తరువాత

సరిహద్దులు మూశాక ఈ లక్ష్యాల పని ఏమైంది?

చాలావరకు కనుమరుగైంది. 2020 జనవరిలో సరిహద్దులు మూశారు. ఐరాస విదేశీ సిబ్బందిలో మిగిలిన చివరివాళ్లు 2021 మార్చిలో దేశం వదిలారు. అంటే జులైలో నివేదిక సమర్పించేనాటికి దాన్ని అక్కడే ఉండి సరిచూసే ఐరాస విదేశీ ఉద్యోగి ఒక్కరూ దేశంలో లేరు.

టీకాల దగ్గర నష్టం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కరోనాకు ముందు పిల్లల టీకాలు 96 శాతానికి పైగా అందేవి. పేద దేశాలకు ఆదర్శంగా చూపదగిన అంకె అది. గ్రామ స్థాయి వరకు ఇంటి డాక్టర్ల వ్యవస్థ ఉండటం దానికి కారణం. 2021 మధ్యకు వచ్చేసరికి 42 శాతం కంటే తక్కువకు పడిపోయింది. డాక్టర్లు ఉన్నారు, ఫ్రిజ్‌లు ఉన్నాయి, టీకాలే రాలేదు. పేద దేశాలకు కరోనా టీకాలు అందించే అంతర్జాతీయ కార్యక్రమం కోవాక్స్ ద్వారా ఇస్తామన్న 29 లక్షలకు పైగా సైనోవాక్ (చైనా కరోనా టీకా) డోసులను కూడా ‘మాకంటే కష్టంలో ఉన్న దేశాలకు ఇవ్వండి’ అంటూ ప్రభుత్వం వద్దంది. 2024 సెప్టెంబర్‌లో యునిసెఫ్ 40 లక్షలకు పైగా సాధారణ టీకా డోసులు పంపగలిగింది. ఇన్నేళ్లూ తప్పిపోయిన పిల్లలకు, గర్భిణులకు వేయడానికి. ఈ ఒక్క వార్తకు నేను పొందిన సంతోషం ఏ శిఖరాగ్ర సమావేశమూ ఇవ్వలేదు.

రష్యాతో స్నేహం పెరిగాక ఐరాసతో పని లేదనుకుంటున్నారా?

పూర్తిగా కాదు, కానీ అవసరం తగ్గింది. 2024 మార్చిలో రష్యా వీటో చేయడంతో ఆంక్షల అమలును గమనించే నిపుణుల బృందం ఏప్రిల్ చివరికి మూతపడింది. జూన్‌లో రెండు దేశాలు సమగ్ర భాగస్వామ్య ఒప్పందం చేసుకున్నాయి. జులై చివర్లో చైనా సరిహద్దులోని అమ్నోక్ (యాలు) నది పొంగి సినుయిజు, ఉయిజు ప్రాంతాల్లో నాలుగు వేలకు పైగా ఇళ్లు మునిగినప్పుడు బయటి సాయం తీసుకోకుండా సొంతంగానే కట్టుకుంటామని కిమ్ చెప్పారు. 2024లోనే ఏటా 20 జిల్లాల చొప్పున పదేళ్లపాటు స్థానిక ఫ్యాక్టరీలు కట్టే విధానం ప్రకటించారు. రాజధానికి, పల్లెకు మధ్య తేడా తగ్గించాలన్న లక్ష్యం మంచిదే. ఆ ఫ్యాక్టరీలకు ముడిసరుకు, కరెంటు రోజూ అందుతాయా అన్నదాని మీదే దాని ఫలితం ఉంది.

మానవ హక్కులు పక్కనపెట్టి అభివృద్ధి గురించి మాట్లాడటం సరైనదేనా?

పక్కనపెట్టకూడదు. కానీ అభివృద్ధి దారిలో వెళ్తే హక్కుల తలుపు కాస్త తెరుచుకున్న సందర్భం ఒకటుంది. 2016 డిసెంబర్‌లో ఉత్తర కొరియా వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. 2017 మేలో ఐరాస ప్రత్యేక ప్రతినిధి కాటలీనా దేవందాస్‌ను దేశంలోకి రానిచ్చింది. మానవ హక్కుల మండలి నియమించిన స్వతంత్ర నిపుణుల్లో అక్కడికి వెళ్లగలిగిన మొదటి వ్యక్తి ఆమె. చూపించినవే చూశారు, అడిగినవన్నీ చూపలేదు. అయినా వినికిడి లేని పిల్లల బడి గురించి, చక్రాల కుర్చీల గురించి ప్రభుత్వ అధికారులతో ముఖాముఖి మాట్లాడే అవకాశం దొరికింది. రాజకీయ ఖైదీల శిబిరాల గురించి అలాంటి మాట ఇంతవరకు సాధ్యం కాలేదు. రెండు వేదికల మీదా ఒత్తిడి ఉండాలని నా అభిప్రాయం. ఒకటి చేస్తున్నాం కదా అని రెండోది వదిలేయకూడదు.

2030 లోపు ఏం గమనిస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది?

మూడు విషయాలు చూడండి. ఐరాస విదేశీ సిబ్బంది ప్యాంగ్యాంగ్‌కు తిరిగి వెళ్లి, రాజధాని దాటి జిల్లాలకు తిరగగలుగుతున్నారా అన్నది మొదటిది. పిల్లల టీకాల శాతం మళ్లీ 96 దగ్గరికి వస్తోందా అన్నది రెండోది, ఇది ఏటా తెలుస్తుంది. మూడోది అన్నిటికన్నా కష్టమైనది: 2017లో చేసినట్టు ఇంటింటికీ వెళ్లి పిల్లల ఎత్తు కొలిచే సర్వే మళ్లీ జరిగి, రాష్ట్రాలవారీ అంకెలు బయటపెడతారా అన్నది. బయటపెడితే దేశ సగటు దగ్గర ఆగకుండా ముందు ర్యాంగాంగ్ వరస చూడండి. 32 శాతం అక్కడ ఎంతకు మారిందో దాన్ని బట్టే మిగతావన్నీ చదవండి.